అడవి వేరుశనగ దొరికిన చోటు

టీ కొట్టు బెంచీ మీద డ్రైవర్ బావ గొంతు సవరించుకోగానే బావమరిది టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇద్దరిదీ విత్తన పరిశోధన కేంద్రంలోనే పని; బావ జీపు నడుపుతాడు, ఇతను మొక్కలు పెంచుతాడు. ఆకుమచ్చ తెగులు దరిచేరని అడవి వేరుశనగ అక్కడ కుండీల్లో ఉండేది. మొన్నటి ముసురుకి వేరు కుళ్ళి మొత్తం పోయింది. సాగు రకంతో దాన్ని సంకరం చేసే పనీ ఆగిపోయింది. పూత కాలం దాటేలోపు మళ్ళీ తేవాలి. మొదట ఎక్కడ దొరికిందని కేంద్రానికి కొత్తగా వచ్చిన సైంటిస్టు మేడమ్ అడిగింది, అదే ఆవిడ చేసిన పాపం.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు మేడమ్. జీపు ఆపితే గడ్డిలో పసుపు పువ్వు. పువ్వు నుంచి నేలలోకి దిగే ఊడ పట్టుకుని లాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లాగుతున్నా, లాగుతున్నా, అది కొండ కిందికి పోయింది!"

"చోటు చెప్పు బావా."

"వస్తున్నా ఉండవోయ్! కొండ దాటితే ఏరు. ఏటి అడుగున ఊపిరి బిగబట్టి అరపూట లాగాను. అవతలి గట్టున చిరుతపులి, ఊడ రెండో కొస కరుచుకుని కూర్చుంది!"

"చిరుత వేరుశనగ తింటుందా?" టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపాడు.

"తినకపోతే అంత బలం ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా! చివరికి జీపుకి కట్టి లాగితే కాయ ఊడొచ్చింది. ఒక డిప్పలో నేను పడుకున్నా, రెండోది జీపుకి టాపేశా!"

మేడమ్ నుదురు రుద్దుకుంది. అక్క మొగుడని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న బావమరిదికి ఇక తల పగిలేలా ఉంది.

"రైలు గేటు దగ్గర దొరికింది మేడమ్! గేటు పడితే ఈయన ఒంటికి వెళ్ళడానికి దిగాడు. సరిగ్గా మొక్క మీదే మొదలెట్టబోతుంటే భుజం పట్టి పక్కకి తిప్పాను. అరచేయంత మొక్క. కాయ నా చిటికెనవేలి గోరంత."

బెంచీ బెంచీ అంతా నవ్వింది. మేడమ్ మాత్రం లేచి నిలబడింది. "ఏ గేటు?"

"చక్కెర ఫ్యాక్టరీ వెనకది. గట్టు పొడుగునా ఉన్నాయి."

బావ ఖాళీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ ముఖం చూసి బావమరిదికి ప్రాణం ఉసూరుమంది.

"ముందు చూసింది మాత్రం ఈయనే మేడమ్," అన్నాడు.

అంతే, బావ నడుం నిటారైంది.

"అదే చెప్పబోతున్నా! అప్పుడే ఎదురుగా వస్తున్న రైలుని ఒంటి చేత్తో..."

"బావా! జీపు తియ్!"