కొబ్బరిచెట్టు మీంచి పడని మనిషి

కదలకయ్యా దర్సూన్, కదలకు. కొబ్బరిచెట్టు మీంచి పడ్డానంటివి కదా, మరి పడ్డవాడిలా పడుండవేం? కాలు నా ఒళ్ళోనే ఉంచు. బిస్మిల్లా.

వరండాలో జనాన్నంతా పంపించేశాను. నలుగురూ వింటుంటే గానీ ఈ వతిరా చెయ్యి ఆడదని నీకు తెలుసు కదూ? నొప్పితో వచ్చినవాణ్ణి నవ్విస్తూ, ఆ నవ్వులో ఎముక సర్దెయ్యడం మా అమ్మ నేర్పిన విద్య. ఈ మాటలు మాత్రం నువ్వొక్కడివే వినాలి.

ఎముక విరగడంలోనూ జాతులున్నాయయ్యా. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి పేర్లు పెడుతుంది, నేను వేళ్ళతో తడిమి పెడతాను. నేరుగా దెబ్బ తగిలితే కర్రపెండలం విరిచినట్టు అడ్డంగా పుటుక్కుమంటుంది. పిల్లలకైతే పచ్చి వెదురే, ఒక పక్క చిట్లినా రెండో పక్క పట్టుకునుంటుంది. అది నేను కళ్ళు మూసుకుని కట్టేస్తాను. వెంట్రుకంత బీట ఒకటుంది, పైకేమీ కనబడదు, అడుగేస్తే మాత్రం ప్రాణం లేచిపోతుంది. ఇక అప్పడంలా ముక్కలయ్యేది మోటారుసైకిళ్ళు వచ్చాక ఎక్కువైంది. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చిందా, దాన్ని ముట్టుకోనని అమ్మ నాచేత ఒట్టేయించుకుంది.

మరి చెట్టు మీంచి పడ్డవాళ్ళో? నీరా గీసేవాళ్ళ ఊళ్ళో పుట్టి వాళ్ళనెంతమందిని చూళ్ళేదు! నిలువునా దిగితే మడమ పిండవుతుంది, వెన్నుపూస కుంగుతుంది. నీ మడమ చూడూ, పెళ్ళికొడుకు మడమలా ఉంది. నడుం నొక్కితే చక్కిలిగింతలన్నావు. మోకాలి కింద ఎముకేమో తడిబట్ట పిండినట్టు మెలితిరిగి విరిగింది. పాదం బురదలో పాతుకుపోయి, పైన మనిషి గిర్రున తిరిగితే తప్ప అలా విరగదు.

కొబ్బరిచెట్టు మీద బురదెక్కడిదయ్యా?

చెప్పకులే. నీ నీరా గొట్టాలు వంటింట్లో పొడిగా వేలాడుతున్నాయి. తీగ మీద నా పువ్వుల నైటీ లేదు. ఇవాళ ఆగస్టు పదిహేడు, మన స్వాతంత్ర్య దినం. జావాలో ఏ ఊళ్ళో చూసినా మగాళ్ళంతా పెళ్ళాల నైటీలు తొడుక్కుని బంతాట ఆడే రోజు. ఈ వయసులో నీకొద్దని పొద్దున నమాజయ్యాక చెప్పానా లేదా? ఊఁ అన్నావు. ఆ ఊఁ ఇదన్నమాట.

నిన్ను మోసుకొచ్చిన ముగ్గురూ చెట్టు, చెట్టు అంటూ నవ్వు మింగుతున్నారు. మన కుంటి సర్వీన్ చంకలో మూట, ఆ మూటలోంచి నా నైటీ అంచు.

పోనీ, బంతి గోల్‌లోనైనా పడిందా? ఆ మొహం చూడు. పడిందే!

సరే, నవ్వింది చాలు. ఆస్పత్రికి రానంటున్నావు. ఎముకలు కట్టే వతిరా మొగుడే ఆస్పత్రికి పోతే నన్ను చూసి ఊరు నవ్వుతుందని, నా పరువు కోసం పళ్ళు బిగబట్టి పడుకున్నావు. నాకు తెలీదా?

కానీ ఈ మెలి విరుపును నమ్మకూడదయ్యా. లాగి సర్దితే బుద్ధిగా కలిసినట్టే ఉంటుంది. పైన వెదురుబద్దలు కట్టి మనం నిశ్చింతగా ఉంటాం, లోపల ఒకదాని మీంచి ఒకటి జారుతూనే ఉంటుంది. నలభై రోజులకి విప్పితే కాలు వేలెడు కురచ. కురచ కాలితో చెట్టెక్కగలవా? నువ్వెక్కకపోతే మన పొయ్యి మీద బెల్లం ఉడుకుతుందా? ఆస్పత్రిలోనైతే లోపల కడ్డీ వేసి జారకుండా బిగిస్తారు.

అంత ఖాయంగా నాకెలా తెలుసంటావా?

సర్వీన్‌ది ఇదే విరుపు. అయిదేళ్ళ కిందట నేనే కట్టాను. కట్టు ముందే విప్పుకుని కుంటివాడయ్యాడని ఊరంతా అంటుంది. నువ్వూ ఏడిపిస్తావు, నా పెళ్ళాం మాట వినుంటే నాతోపాటు చెట్టెక్కేవాడివిరా అని. వాడు తల వంచుకుంటాడు.

వాడు విప్పలేదయ్యా.

నలభై రోజులూ చెప్పినట్టే పడుకున్నాడు. విప్పింది నేనే, కురచ చూసింది నేనే. ముందే విప్పి మళ్ళీ కట్టుకునుంటావురా అనేశాను. నిద్దట్లో ఏం చేశానో వదినా అన్నాడు. నన్ను నమ్మి, తప్పు తన నెత్తినే వేసుకున్నాడు.

ఇంతమంది ఎముకలు సర్దిన దాన్ని నీ కాలు మాత్రం ఎందుకు కట్టనంటున్నానో ఇప్పుడర్థమైందా? అయిదేళ్ళుగా ప్రతి నమాజులోనూ అల్లాకి చెప్పుకుంటున్నాను. ఆయనకి ముందే తెలుసు. తెలియంది వాడికే.

అదుగో, నేను పిలిపించిన వ్యాను చప్పుడు. సర్వీనే వెంటబెట్టుకొస్తున్నాడు. వెనకాల నీ తల వాడి ఒళ్ళో, కాలు నా ఒళ్ళో. దారిలో వాడికి చెప్పేస్తాను.

మూలుగులేవైనా ఉంటే ఇప్పుడే మూలిగెయ్యి. అప్పుడు వాడేమంటాడో నాకు వినబడాలి.