మొత్తం ఒకటే రావాలె

గోదావరిఖని బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి చాలాసేపైనా తండ్రి ఇల్లు చేరలేదు, ఫోనూ ఎత్తడం లేదు. డిగ్రీ చదివే కూతురు ఫిజిక్స్ లెక్క చేసుకుంటోంది. తల్లి గుమ్మం వదలడం లేదు.

“ఏం లెక్కనే అది?”

“డబ్బాల ఒక్క కణం ఉందమ్మా. ఏడుందో తెల్వది. అన్ని చోట్ల ఉండే అవకాశాలు కలిపితే ఒకటే రావాలె.”

“మీ బాపు గనిలనే చిక్కిండని సగం అనిపిస్తుంది. బండి మీదికెళ్లి పడ్డడని సగం. దవాఖానల ఉన్నడని ఇంకో సగం.”

“ఒకటిన్నరాయె! మనిషి ఒక్కడే గదమ్మా. అన్నిటినీ తగ్గించి ఒకటి చెయ్యాలె. చాయ్ హోటల్ల ముచ్చట పెడుతుండచ్చు, అదెందుకు కలపలే?”

“గదీ కలపాల్నా?”

“కలిపితే తక్కినయి ఇంకా తగ్గుతయి.”



“అయితే హోటల్‌కే ఎక్కువ ఎయ్యి బిడ్డా. దవాఖానకు సున్న పెట్టు.”

“ఇష్టమొచ్చినట్టు ఎయ్యరాదమ్మా.”

“మరెందుకే నీ లెక్క! ఇంకోసారి ఫోన్ చెయ్యి.”