కోల్బీ రెండో బంతి

సీజన్ మొదట్లో బేస్‌బాల్‌లో బంతి విసిరే పన్నెండేళ్ల పిచర్ కోల్బీ చేతిలో ఉన్నది ఒక్క వేగం బంతే. చివరి ఆటలో, చివరి బ్యాటర్‌కి రెండు స్ట్రయిక్‌లు పడి, మూడోది పడితే ఆట గెలిచేలా ఉండగా, కంచెకి అటు నుంచి వాళ్ల నాన్న, ఇటు నుంచి కోచ్ మాటలు విసురుకున్నారు.

"టోపీ అంచు ముట్టుకోవడం ఆపండి. అది వంపు బంతికి సైగని నాకు తెలుసు."

"నా కొడుక్కి నేను సైగ చేసుకుంటా. మధ్యలో నీకేంటి?"

"ఇందాక నీళ్ల సీసా మూత ఎడంచేత్తో తిప్పాడు మీవాడు. కుడి మోచెయ్యి లాగుతోందట. పెరట్లో రోజూ వంపు బంతులు వేయిస్తున్నారా?"

"మరి ఔట్లెలా వస్తాయ్? నువ్వు నేర్పిన నెమ్మది బంతిని మా అమ్మమ్మయినా కొడుతుంది."

"చెయ్యి కూడా నెమ్మదిస్తే కొడుతుంది. చెయ్యి జోరుగానే రావాలి, బంతే వెనకబడాలి. అరచేతిలో లోపలికంటా పట్టుకుంటే చాలు. అదొక్కటి అలవాటవ్వడానికే వేసవంతా పట్టింది వాడికి."

"ఈ ఆట పోతే ఊరంతా చెబుతా, నీవల్లే పోయిందని."

"చెప్పుకోండి. ఇంకోసారి టోపీ ముట్టుకుంటే మాత్రం వాణ్ణి తీసేస్తా."

"ఇదిగో, ముట్టుకున్నా. తీసెయ్యి."

"అక్కర్లేదు. వాడే తల అడ్డంగా ఊపాడు."

"క్యాచర్ చేసిన సైగకేమో."

"క్యాచర్ వంక చూడనే లేదు. మీకే."

బ్యాటు ముందే తిరిగిపోయింది. బంతి తీరిగ్గా వచ్చి క్యాచర్ చేతితొడుగులో పడింది. మూడో స్ట్రయిక్.

"సీజనంతా కష్టపడి సంపాదించింది ఈ ఒక్క నెమ్మది బంతేనా?"

"రెండో బంతి వచ్చింది. మీకు వద్దని చెప్పడం వచ్చింది. మోచెయ్యి ఇంకా మిగిలే ఉంది."