చిల్లులోని ప్లాస్టిక్ ఎటు పోయింది?

హలో… ఆ, నేనే. విజయ బాయినే. చెప్పు కిరణ్.

…దవాఖాన నుంచా? పద్మ ఎట్ల ఉన్నది?

…ఆక్సిజన్ ఇంకా తీయలేదా.

…ఆగు. మళ్లీ చెప్పు, నెమ్మదిగా. డాక్టర్ నా దగ్గర చదివినోడు, నా మాట వింటడు. అందుకని నేనేం చెప్పాలె?

—పద్మ విడీ ఘర్కుల్ కాలనీల ఇరవై ఏండ్లు బీడీలు చుట్టింది, ఆ పొగాకు దుమ్మే ఊపిరితిత్తులల్ల చేరింది, అని. నా నోటితోని.

…మరి నీ లేజర్ సంగతి ఎవరు చెప్తరు?

…ఔను, ఆ మాట నేనే అన్న. కాదంటలే. ఖండె నవమి నాడు, ప్లాస్టిక్ రేకుకు చిల్లులు పెట్టే నీ కొత్త మిషన్‌కు పూజ చేసినప్పుడు, పనికి వచ్చిన ఆడోళ్లందరి ముందు నిలబడి అన్న. "ఇది మామూలు లేజర్ కాదు. దీని వెలుగు ఒక్కసారికి సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా నిలవదు. వేడి పక్కకు పాకే లోపలే పదార్థం లేచిపోతది. ప్లాస్టిక్ కరగదు, మాడదు, పొగ రాదు."

…మొదటి మాటలు నిజమే. ఆఖరి మాట నేను కలిపిన.

…పెద్దమనిషి మాట అని సర్దిచెప్పకు. పద్మ అప్పుడే అడిగింది. "బాయీ, చిల్లు పడ్డ జాగల ఉన్న ప్లాస్టిక్ ఏడికి పోతది?" కంటికి కనబడనంత చిన్నగయితది అన్న. అందరు చప్పట్లు కొట్టిన్రు. కంటికి కనబడనిది ముక్కుల పోదా? ఉక్కైనా, గాజైనా, ప్లాస్టికైనా, లేచింది మాయం కాదు. నుసి అయితది, ఆవిరి అయితది. తొమ్మిదో తరగతికి ముప్పై ఏండ్లు చెప్పిన పాఠం ఇది.

…మిషన్ కాడ పొగ పీల్చే గొట్టం ఉన్నదంటవ్. నడిచిందా?

…రేకు గాలికి అదురుతున్నదని బంద్ పెట్టినవ్. సరే. కిటికీలు?

…తెలుసు. పూజ నాడే చూసిన. బట్ట నేసే సాంచాల షెడ్డుల గాలి కొడితే దారం తెగుతదని మీ నాయన కిటికీలు మూసెటోడు. నువ్వు అదే అలవాటుతోని ఈ లేజర్ గది మూసినవ్. నేను నీలం నగర్‌ల సాంచాల చప్పుడు మధ్య పెరిగిన దాన్ని, నాకూ వింతగ అనిపించలే. ఆ గదిల దారం ఏడున్నది, కిరణ్?

…కోపం ఉన్నది. నీ మీద ఉన్నది. నీకంటె ముందు నా మీద.

…షెడ్డు బంద్ అయితే ఆ ఆడోళ్ల పని పోతది, నిజమే. ఆ మాట వాళ్లకు నేను చెప్త. ఇప్పుడు ఇది చెప్పు: అది ఏ ప్లాస్టిక్?

…"మంచి క్వాలిటీ" అనేది జవాబు కాదు. ప్లాస్టిక్ చుట్ట మీద ఏం రాసి ఉన్నది?

…పీవీసీ.

…నీకు తెల్వదు. నాకు తెలుసు. లేజర్ తగిలితే దాని నుంచి ఆమ్లపు ఆవిరి వస్తది. చప్పట్లు వింటూ నిలబడ్డ, ఏ ప్లాస్టిక్ అని ఒక్కసారి అడగలే.

…ఏంది? డాక్టర్ పద్మనే అడిగిండా? ఏమన్నది?

…"మిషన్ కాదు సాబ్, బాయి చెప్పింది గద."

…

కిరణ్, లోపలికి పోయి ఫోన్ ఆమె చెవికాడ పెట్టు. నువ్వు కూడా అక్కడే నిలబడి విను.

…

పద్మా, విజయను. నువ్వు మాట్లాడకు. పొగ రాదని నేను చెప్పింది తప్పు.

…లేదు, బీడీలు కాదు. నేను.

…మాస్కు తీయకు అన్న గద! వస్తున్న. డాక్టర్‌కు నేనే చెప్త. ఫోన్ పెడుతున్న.