కాటాను నమ్మని తూనికల అధికారి

1988 జూలై పదకొండున తూనికలు కొలతల శాఖలో జూనియర్ ఇన్‌స్పెక్టరుగా చేరిన మన అధికారి గారు, తమ నియామక పత్రం తమదేనా అని గుమాస్తాను ముమ్మారు అడిగి మరీ సంతకం చేశారట. వ్యాపారులు పెట్టిన 'అనుమానం సారు' అన్న పేరు నాటి నుండి నేటి వరకు వారికి అతికినట్టు సరిపోయింది.

పళ్ళెం అడుగున మైనం అంటించిన తక్కెడలను, కొలత తగ్గించిన పెట్రోలు పంపులను కంటిచూపుతోనే పసిగట్టిన వారు, క్రమంగా జిల్లా అధికారిగా, ఆపై ప్రయోగశాల అధిపతిగా ఎదిగారు. ఎంతటివారు సిఫారసు చేసినా వారు మెత్తబడిన దాఖలా లేదు.

మూడేళ్ళ క్రితం కడుపులో క్యాన్సరు బయటపడి, చికిత్స ఆరంభమయ్యాక ఆ అనుమానం ఇంటిమీదికి మళ్ళింది. మందుల ప్రభావంతో తిన్నదల్లా ఇనుము రుచిగా తోస్తూంటే చెంచాను శంకించి, చెక్క చెంచా తెప్పించుకున్నారు. జావ చిక్కబడితే, "ఇందులో ఏం కలిపావు?" అని శ్రీమతిని నిలదీశారు. వెన్న, గుడ్డు కలిపానని ఆవిడ ఒప్పుకునేదాకా వదల్లేదు. ఒళ్ళు ఇంకా తగ్గితే తరువాతి విడత మందు వాయిదా వేయక తప్పదని వైద్యురాలు హెచ్చరించినప్పుడు, ఆసుపత్రి కాటా మీదే నమ్మకం పోయింది. వారం వారం మన ప్రయోగశాల కాటాపైనే తూగసాగారు.

బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించుకున్న వారంలోనూ తూకం చెక్కుచెదరలేదు. వారికి ఒళ్ళు మండింది. దిగి, ప్రామాణిక తూకపు రాళ్ళు తెచ్చి కాటా మీద పెట్టి చూశారు. కాటా అబద్ధమాడుతోంది. ప్రయోగశాల మెకానిక్కును పిలిచారు.

"అమ్మగారు బతిమాలారండి. తగ్గిందని తెలిస్తే బెంగతో ఆ నాలుగు ముద్దలూ మానేస్తారని," అన్నాడతను తల వంచుకుని.

ప్రభుత్వ ప్రయోగశాలలోనే దొంగ తూకం! ఉద్యోగం ఊడిందనుకున్నాడు పాపం.

"తగ్గలేదన్న ధీమాతోనే మానేశానయ్యా. నిన్న గిన్నె తోసేశాను," అన్నారు వారు. "నాకు భయంగా ఉంది. నిజం చూపించండి, తింటాను."

కాటాను అప్పటికప్పుడు సరిచేయించి, తమ చేత్తోనే సీలు వేసి ఇంటికి వెళ్ళారు. శ్రీమతిపై కేసు పెట్టలేదు గాని, ఆవిడ కూడా ఎదురుగా కూర్చుని తినాలని శిక్ష విధించారు. ఒకేసారి తినలేక, గంటకో గిన్నెడు, కన్నీళ్ళతో కొంత, తిట్లతో కొంత మింగారు. బరువు పెరగలేదు, తగ్గడం ఆగింది. ఈలోగా ఒక విడత వాయిదా పడిన మందు మళ్ళీ మొదలైంది. నేడు వారు రోగం వదిలించుకున్న మనిషిగా, పదవీ విరమణ చేసి, మన నడుమ నుండి సగౌరవంగా సెలవు తీసుకుంటున్నారు.

దంపతులిద్దరూ ఒకే బల్ల దగ్గర, ఆకలి తీరా తింటూ, ఆరోగ్యంతో దీర్ఘకాలం జీవించాలని కార్యాలయమంతా మనసారా కోరుకుంటోంది. వారు నమ్మకపోయినా సరే.