ముప్పై ఆరు తేడా

నా చేతికిచ్చింది నలభై ఎనిమిది పేర్లు పిన్నీ. ఫొటోలు తగిలించడానికి గోడకి కొట్టించిన మేకులు అరవై. యూనివర్సిటీ పెట్టి అరవై ఏళ్ళయింది కాబట్టి అందులో చదివి గొప్పవాళ్ళయినవాళ్ళూ అరవైమంది ఉండాలట. ఆలూ లేదు చూలూ లేదు, మేకులు మాత్రం దిగిపోయాయి. మిగతా పన్నెండుమందిని ఎక్కణ్ణుంచి తేను? మీరేమో నవ్వుతారు.

ఫ్రేముకి అద్దం కోస్తూనే వినండి, పర్లేదు. కాదు, వద్దులెండి. ఆ కత్తి కాసేపు పక్కన పెట్టండి.

ఆ నలభై ఎనిమిదిలో తాలు ఎంతుందనుకున్నారు? ఒకాయన మన దగ్గర చదవనే లేదు, ఒకసారొచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్ళాడంతే. ఇంకొకాయన స్నేహితుడి హాస్టలు గదిలో రెండేళ్ళు తిష్ఠ వేశాడు తప్ప ఒక్క పరీక్షా రాయలేదు. మరొకాయన్ని జడ్జిగా ఒకసారి, కవిగా ఒకసారి, రెండుసార్లు ఎక్కించారు. తీసేస్తే ఎంత? నలభై అయిదు. పని ముందుకెళ్ళాల్సింది పోయి వెనక్కి నడిచింది.

అందుకే మా ఆఫీసరుతో అన్నాను, ప్రతి పేరూ పాత మార్కుల రిజిస్టర్లలో చూసి ఖాయం చేస్తానని. అంత అవసరమా అన్నారు. నాకవసరం. ఎవరో ఇచ్చిన జాబితా తిరగరాసే ఉద్యోగం ఎవడైనా చేస్తాడు. మూడు రోజుల్లో పూర్తి చేస్తానని మాటిచ్చి, రెండున్నర రోజుల్లో చేశాను.

ఆ మిగిలిన పూటే కొంప ముంచింది.

మొదటి ఫ్రేములో ఉన్నాయన లేరూ, ఉపగ్రహాల సైంటిస్టు, గోడకి ముసుగు తీయడానికి వస్తున్నాయన? మీ క్లాసేనట కదా. ఆయన ఫొటోకి చెక్క అంచు బిగిస్తూ కూడా ఒక్క మాట అనలేదే మీరు! సర్లెండి. ఇరవై ఏడేళ్ళ కిందటి పేజీ. ఆయనకి రెండు వరుసల కింద మీ పేరు. రోజూ మీ బిల్లుల మీద చూసే పేరే, ఇంటిపేరుతో సహా. పక్కన ఎర్ర సిరాతో ‘తప్పారు’ అని ఉంది.

నాకో జబ్బుంది. అంకెలు వరుసగా కనబడితే చాలు, కూడేస్తాను. బస్సు టిక్కెట్టు నంబరునైనా వదలను. యాభై అయిదు, అరవై ఒకటి, నలభై ఎనిమిది, ఇరవై ఆరు, యాభై ఏడు, అరవై అయిదు. మూడొందల పన్నెండు. టోటలు గడిలో ఏముందో తెలుసా? మూడొందల నలభై ఎనిమిది.

తేడా ముప్పై ఆరు.

తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే, ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అనుమానించాలి. లెక్కలు రాసేవాళ్ళ పాత చిట్కా. మీ నాలుగో పేపరు, లెక్కలది, ఇరవై ఆరు. తిప్పి చూడండి. ఊఁ. అరవై రెండు.

మార్కులు ఎక్కించేది ఒక గుమాస్తా. టోటలు వేసేది ఇంకొకరు. ఇద్దరూ విడివిడిగా, పేపరు దిద్దినాయన ఇచ్చిన చీటీ చూసే వేస్తారు. మూడో ఆయన రెండూ పోల్చి చూడాలి. చూసినట్టు సంతకం కూడా ఉంది. ఏం చూశాడో, ఆ కళ్ళకే తెలియాలి.

కాదు పిన్నీ, ఊహ కాదు. ఆ చీటీలు పదేళ్ళకోసారి కాల్చేస్తారట. మీ బ్యాచి మూట ఒక బీరువా వెనక పడిపోయి బతికింది. పొట్ట మీద పాక్కుంటూ వెళ్ళి లాగాను. అందులో అంకెల్లోనే కాదు, అక్షరాల్లో కూడా ఉంది. ‘అరవై రెండు మాత్రమే.’ మాత్రమేనట!

మరి మళ్ళీ లెక్కించమని అడగలేదేం? ...ఓహో. రాసినదాని మీద మీకే నమ్మకం పోయిందా.

అందుకేనా, ఫ్రేము కట్టించుకోవడానికొచ్చిన ప్రతివాడితోనూ ‘కొలత మీరూ ఒకసారి చూసుకోండి బాబూ, నేను లెక్కల్లో తప్పినదాన్ని’ అంటారు? వెంట్రుకవాసి తేడా రానివ్వని చేయి అది. వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాను.

అలా చూడకండి. ఇంకోటి ఉంది, అది చెప్పకపోతే చెప్పిందంతా దండగ.

నేనిది చూసి పంతొమ్మిది రోజులైంది.

ఈలోగా మీ కొట్టుకి నాలుగుసార్లొచ్చాను. అద్దం మందం గురించి మాట్లాడాను. అంచుకి నలుపు బావుంటుందా గోధుమరంగు బావుంటుందా అని మీ టీ తాగుతూ చర్చించాను. మా ఆఫీసరుకి చెబితే ‘గోడ ఎక్కేవాళ్ళ సంగతి చూడవయ్యా, దిగిపోయినవాళ్ళ గొడవ మనకెందుకు’ అన్నారు. నా ఉద్యోగం ఇంకో ఆర్నెల్లు పొడిగించే కాగితం ఎవరి బల్ల మీదుందో తెలుసా? పరీక్షల కంట్రోలరు బల్ల మీద. ఆ ఆఫీసు చేసిన తప్పు పట్టుకుని, ఆ ఆఫీసు సంతకం కోసం చేతులు కట్టుకు నిలబడ్డాను.

నిన్న సాయంత్రం సంతకం పడింది. ఇవాళ నాకు నోరొచ్చింది. అదీ నా ధైర్యం కొలత. ఇరవై ఏడేళ్ళకి ఇంకో పంతొమ్మిది రోజులు నేను కలిపాను పిన్నీ. వాళ్ళది పొరపాటు. నాది పొరపాటు కాదు.

తిట్టండి. తిట్టరా? తిడితే బావుండేది.

ఇదుగో అర్జీ, రాసే తెచ్చాను. మార్కులు సరిచేసి డిగ్రీ ఇమ్మని. కింద మీ సంతకం కావాలి. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకంటారా? నాకేం తెలుసు, అది మీ లెక్క. పెట్టబుద్ధి కాకపోతే చింపి ఆ చెత్తబుట్టలో పడేయండి.

...ఇక్కడ కాదు, ఈ గీత కింద. ఆఁ, అంతే. తేదీ కూడా.

కంట్రోలరు నాలుగింటికి కుర్చీలోంచి లేస్తారు. ఇప్పుడు మూడుంపావు. ఒక నెల నోటీసిచ్చి నన్ను తీసేసే వీలుందని నా కాగితంలోనే రాసుంది, తీస్తే తీయనీ. వెళ్ళి నిలబడతాను. ఆయనకి మీ చీటీ జిరాక్సే ఇస్తాను పిన్నీ. అసలుది నా జేబులోంచి తీయను, అర్జీ అందినట్టు ముద్ర వేసిచ్చేదాకా.