నూటికి పదిమంది

పోలింగు ముగియడానికి ఇంకా రెండు గంటలుంది. పఠాన్ కొండల్లోని తన ఇంట్లో, ఆడవాళ్ళ వాకిట్లోకి మలిక్ సర్బులంద్ చెప్పులతోనే వచ్చేశాడు. భార్య జర్సాంగా రొట్టెల పిండి పిసుకుతోంది.

“...అది తర్వాత పిసుకుదువు గాని, ముందు లే! బురఖా వేసుకో!”

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. ఓటెయ్యాలి, పద.”

“ఓటా? ఆడదా? తోబా తోబా! కొండ విరిగి మీద పడదూ?”

“వెటకారం ఆపు.”

“నా మాటా అది? మొన్న జిర్గా పంచాయితీలో పెద్దల ముందు తమరన్నదే. పోటీలో ఉన్న అయిదుగురూ కలిసి, ఆడది ఓటుకెళితే ఇంటి పరువు పోయినట్టేనని కాగితం రాసి వేలిముద్రలు వేశారాయె. పుట్టి బుద్ధెరిగాక మీరంతా ఒక్క మాట మీద నిలబడ్డం అదే చూశా.”

“ఆ కాగితమే కొంప ముంచింది. పడ్డ ఓట్లలో నూటికి పదైనా ఆడవాళ్ళవి కాకపోతే ఎన్నిక చెల్లదట. ఆఫీసరు ఇప్పుడు చెప్పాడు.”

“ఇప్పుడేనా?”

“...ముందే చెప్పాడు. వినలేదు.”

“మగవాళ్ళెంతమంది వేశారు?”

“ఎనిమిది వందలు. చాలావరకు నాకే.”

“ఆడవాళ్ళు?”

“అడక్కు. ఓ తొంభైమంది చాలు. అంతకు మించొద్దు, అలవాటైపోతుంది.”

“అవునవును. నాటుమందు కదా, మోతాదు దాటకూడదు.”

“నువ్వు లేస్తే పేటంతా లేస్తుంది. మా పల్వషా వాళ్ళమ్మవు కదూ...”

“ఆ పేరుతో ఓటు లేదు లెండి. జాబితాలో జర్సాంగా అని రాశారట.”

“సరే, జర్సాంగా! కాళ్ళు పట్టుకోమంటావా?”

“వద్దు, పిండి అంటుకుంటుంది.”

“ఊరి కౌన్సిల్లో ఆ పెద్ద కుర్చీ నా ఇరవయ్యేళ్ళ కలే!”

“తెలుసు. అందుకేగా గడప దాటంది. జిర్గా మాట మీరి మీ పరువు తీస్తానా?”

“మీరమని నేనే చెప్తున్నాగా!”

“మీరొక్కరే. మిగతా నలుగురూ?”

“ఓడిపోయేవాళ్ళు ఆడవాళ్ళను పంపుతారా!”

“అహా, ప్రజాస్వామ్యం బాగానే నడుస్తోంది.”

“చెల్లకపోతే అంతా మొదటికొస్తుందే! మళ్ళీ నోటీసు, మళ్ళీ నామినేషన్లు...”

“అవన్నీ మంత్రసాని బస్మీనా రెండు వారాల క్రితమే చెప్పింది.”

“దానికెందుకీ గొడవ?”

“పోటీ చేద్దామంటే ఈసారికి నామినేషన్ల గడువు దాటిపోయిందని ఏడ్చింది పాపం. ఊరుకోబెట్టి, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కబురు పెట్టా, ఈ ఒక్కసారికి మగవాళ్ళ మాట జవదాటొద్దని.”